వెంట్రుకవాసిలో ఉన్న విద్య

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని మన సామెత. ఆ మాట అన్న పెద్దలకు జుట్టు తయారుచేయవలసిన వస్తువు కాదు. అది మనిషితోపాటు పుట్టి, మనిషితోపాటు పెరిగి, చివరకు నెరిసి రాలిపోయేది. కంప్యూటరులో పుట్టే బొమ్మకు మాత్రం ఆ భాగ్యం లేదు. దాని తలపై ఒక్క వెంట్రుక నిలవాలన్నా ఎవరో ఒకరు కూర్చొని ఆ వెంట్రుక పొడవెంత, మందమెంత, రంగేది, ఎటు వంగుతుంది, గాలికి ఎంత కదులుతుంది, వెలుతురు పడితే ఎక్కడ మెరుస్తుంది అన్న సంగతులన్నీ అంకెలలో చెప్పవలసిందే. మనిషి తలపై సుమారు 1,00,000 వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కదాని మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. ఇంత అల్పమైన వస్తువు ఇంత పెద్ద శాస్త్రాన్ని దశాబ్దాల తరబడి ముప్పుతిప్పలు పెట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

మన సంచికలో ఏటా నిరుద్యోగాన్ని గురించి, మాతృభాషను గురించి, జాతీయ సమైక్యతను గురించి వ్యాసాలు వెలువడుతూనే ఉన్నాయి. ఈసారి మేము వెంట్రుకను గురించి రాయబూనితే కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని ఆ మూడు విషయాలూ ఈ చిన్న విషయంలో ఇమిడి ఉన్నాయని మా నమ్మకం. కంప్యూటరు బొమ్మకు సహజమైన జుట్టు మొలిపించడం మీటలు నొక్కే పని కాదు. అది గణితం, భౌతికశాస్త్రం, చిత్రకళ కలిసిన విద్య. దానికి కావలసిన సాధనాలను ఎవరు తయారుచేస్తే వారికి తెలిసిన జుట్టే వాటిలో సులభంగా మొలుస్తుంది. కాబట్టి మన విద్యార్థులు ఆ సాధనాలను వాడడంతో తృప్తిపడక, వాటి లోపలి సూత్రాలను నేర్చుకోవాలి. మేము చెప్పదలచిన మాట ఇదే.

ముందుగా మా అనుభవం ఒకటి మనవి చేస్తాము. మా మిత్రబృందం కిందటి సెలవులలో బ్లెండర్ అనే ఉచిత సాధనంతో ఒక బాలిక బొమ్మను చేయబూనింది. ముఖం కుదిరింది, కన్నులు కుదిరాయి. జడ దగ్గరికి వచ్చేసరికి మా పాండిత్యం ఆగిపోయింది. మూడు పాయలను పేని, ప్రతి పాయలో వేల వెంట్రుకలు నింపి, నల్లరంగు వేసి, రాత్రంతా యంత్రాన్ని నడిపించి, తెల్లవారి చూసుకొని మురిసిపోయాము. మాలో ఒకరి నాయనమ్మ ఆ బొమ్మను చూసి, "ఇది జడ కాదు నాయనా, కొబ్బరి తాడు" అన్నది. ఎందుకని అడిగాము. "పాయలు పైన లావుగా మొదలై కిందికి పోయేకొద్దీ సన్నబడాలి. మీవి మొదట ఎంత ఉన్నాయో చివరా అంతే ఉన్నాయి. చెవి పక్కన, మెడ మీద పిల్ల వెంట్రుకలు ఎంత దువ్వినా నిలవవు. మీ పిల్లకు అవి ఒక్కటీ లేవు. నూనె రాసిన తల ఇట్లా అంతటా ఒకే తీరుగా మెరుస్తుందా? పాపిడి పక్కన ఒక చార మెరుస్తుంది, తక్కినది నల్లగా ఉంటుంది" అని ఆమె వివరించింది.

ఆమె ఏనాడూ కంప్యూటరు ముట్టుకొన్నది కాదు. అయినా ఆమె చెప్పిన మూడు లోపాలూ ఈ విద్యలోని మూడు ప్రధానాంశాలేనని తరువాత చదువుకొని తెలుసుకొన్నాము. పాయ సన్నబడడం ఆకృతికి సంబంధించినది. పిల్ల వెంట్రుకలు తప్పించుకోవడం క్రమంలోని అక్రమానికి సంబంధించినది. నూనె మెరుపు కాంతిశాస్త్రానికి సంబంధించినది. యాభై ఏళ్ళు పిల్లలకు జడలు వేసిన చేతులకు తెలిసిన సంగతి, మూడేళ్ళు కంప్యూటరు చదివిన మాకు తెలియలేదు. మేము తెర వంక చూశామే గాని తల వంక చూడలేదు.

ఇక ఈ విద్య నడిచిన దారిని క్లుప్తంగా పరిశీలిద్దాము. 1989లో అమెరికాలో జేమ్స్ కజియా, తిమోతీ కే అనే శాస్త్రజ్ఞులు రోమాలను చిత్రించే పద్ధతిని ప్రకటించారు. వెంట్రుక కంప్యూటరు తెరమీది ఒక్క చుక్క కన్నా సన్ననిది కావడం వల్ల, విడివిడిగా గీస్తే బొమ్మ గరుకుగా, మిణుకుమిణుకుమంటూ కనిపిస్తుంది. అందుచేత వారు ఒక్కొక్క వెంట్రుకను గీయక, రోమాలతో నిండిన పలుచని పొర ఒకటి వస్తువును కప్పి ఉన్నట్లు భావించి, ఆ పొరలో వెలుతురు ఎట్లా చెదురుతుందో లెక్కకట్టారు. వెంట్రుకను సన్నని స్తంభంగా తీసుకొని వారు చెప్పిన కాంతి సూత్రం తరువాత ఎన్నో ఏళ్ళు వాడుకలో నిలిచింది. వారు ఉదాహరణగా చూపినది ఒక పిల్లల ఎలుగుబంటి బొమ్మ.

1995లో పూర్తిగా కంప్యూటరుతోనే తీసిన మొదటి పూర్తినిడివి కథాచిత్రం 'టాయ్ స్టోరీ' వచ్చింది. అందులో ప్రధాన పాత్రలు ఆటబొమ్మలు. ప్లాస్టిక్కు నునుపుగా ఉంటుంది, దాన్ని చూపడం నాటి యంత్రాలకు సులువు. జుట్టున్న మనుషులు ఆ కథలో పక్కకు ఒదిగి ఉన్నారు. సాధనం చేయగలిగినదాన్ని బట్టి కథావస్తువు కూడా కుదురుకొంటుందనడానికి ఇది మంచి నిదర్శనం. అదే ఏట వచ్చిన 'జుమాంజీ' చిత్రంలో జూలున్న సింహాన్ని, వెంట్రుకలున్న కోతులను కంప్యూటరుతో చూపే ప్రయత్నం జరిగింది.

2001లో వచ్చిన 'మాన్స్టర్స్ ఇంక్' చిత్రంలో సల్లీ అనే నీలిరంగు భూతానికి 23 లక్షలకు పైగా రోమాలు మొలిపించారు. అతడు కనిపించే ఒక్క ఫ్రేము తయారుకావడానికి 11 నుండి 12 గంటలు పట్టేది. తెరమీద ఒక్క క్షణానికి అటువంటి ఫ్రేములు 24 కావాలి. ఇన్ని లక్షల రోమాలను ఎవరూ ఒక్కొక్కటిగా దువ్వలేరు. అందుకు ఒక ఉపాయమున్నది. ముందుగా కొద్దిపాటి మార్గదర్శక రోమాలను చర్మంపై నాటి, వాటిని మాత్రమే దువ్వి, వంచి, కదిలిస్తారు. వాటి మధ్యనున్న ఖాళీని తక్కిన లక్షల రోమాలతో యంత్రమే నింపుతుంది. ప్రతి కొత్త రోమం తన ఇరుగుపొరుగు మార్గదర్శకాల నడక చూసి నడుస్తుంది. ఆ తరువాత వాటిని అక్కడక్కడ కుచ్చులుగా చేర్చి, కొన్నింటిని క్రమం తప్పించి వదిలివేస్తారు. నాయనమ్మ చెప్పిన పిల్ల వెంట్రుకలు ఇవే. ఇవి లేని జుట్టు ఎంత చక్కగా ఉన్నా కొన్న సవరంలా ఉంటుంది.

చలనం మరొక చిక్కు. తల తిప్పితే జుట్టు ఒక క్షణం వెనుకబడి వస్తుంది, భుజానికి తగిలి పరుచుకొంటుంది, తనలో తాను ఒరుసుకొని ఆగుతుంది. 2004లో వచ్చిన 'ది ఇంక్రెడిబుల్స్' చిత్రంలో వయొలెట్ అనే బాలిక పొడవాటి జుట్టు నిర్మాతలను ఎంతో కష్టపెట్టింది. 2010లో వచ్చిన 'టాంగిల్డ్'లో రాకుమారి జుట్టు 70 అడుగుల పొడవు. ఆ చిత్రానికి పనిచేసిన కెల్లీ వార్డ్ జుట్టు చలనంపైనే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందిన మహిళ. జుట్టు మీద డాక్టరేటా అని ఆశ్చర్యపోయే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

2012లో వచ్చిన 'బ్రేవ్' చిత్రంలో మెరిడా జుట్టు ఎర్రని ఉంగరాల జుట్టు. 1,500కు పైగా ఉంగరాలను చేతితో తీర్చి, వాటినుండి 1,11,000కు పైగా వెంట్రుకలను పుట్టించారు. ఉంగరాన్ని స్ప్రింగులా భావిస్తే, పిల్ల పరుగెత్తగానే అది సాగి చుట్టు విప్పుకొంటుంది. గట్టిగా బిగిస్తే ఇనుప తీగలా బిగుసుకొంటుంది. చుట్టు చెడకుండానే మెత్తగా ఊగడం ఎట్లా? పాత సాధనం ఇందుకు చాలక ఆ సంస్థవారు కొత్త సాధనం రాసుకోవలసి వచ్చింది. అంతవరకు ఉన్న సాధనానికి ఉంగరాల జుట్టు కష్టమైనదని దీనివల్ల తెలుస్తున్నది.

కాంతి విషయం ఇంకా ఆసక్తికరమైనది. 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్, ఆయన సహచరులు మనిషి వెంట్రుకపై వెలుతురు పడినప్పుడు ఏమవుతుందో కొలిచి చూపారు. వెంట్రుక నున్నని గాజుకడ్డీ కాదు. దానిపై ఇంటికప్పు మీది పెంకుల వలె సన్నని పొలుసులు ఒకదానిపై ఒకటి కొద్దిగా వాలి ఉంటాయి. వెలుతురులో కొంత పైపొర మీదనే తిరుగుముఖం పడుతుంది, దానికి రంగుండదు. కొంత వెంట్రుక గుండా అవతలికి పోతుంది. కొంత లోపలికి పోయి, వెనుక గోడకు తగిలి, వెంట్రుక రంగు పులుముకొని తిరిగివస్తుంది. పొలుసుల వాలు వల్ల ఈ రెండు మెరుపులూ ఒకేచోట పడవు, ఒకటి కొంచెం పైన, మరొకటి కొంచెం కింద కనిపిస్తాయి. జంతురోమాల సంగతి మళ్ళీ వేరు. వాటి నడిమిని వెడల్పైన మజ్జ ఉండి వెలుతురును చెదరగొడుతుంది, అందుకే కుందేలు ఒళ్ళు పత్తిలా మెత్తగా కనిపిస్తుంది. 2015 తరువాత ఈ మజ్జను కూడా లెక్కలోకి తీసుకొన్న పద్ధతులు వచ్చాయి.

ఇప్పుడు మన జుట్టు సంగతి చూద్దాము. నల్లని వెంట్రుకలో వర్ణద్రవ్యం మెండుగా ఉండటం వల్ల లోపలికి పోయిన వెలుతురు చాలావరకు అక్కడే ఇంకిపోతుంది. బంగారురంగు జుట్టు వెలుతురును వెంట్రుక నుండి వెంట్రుకకు అందించుకొంటూ లోపలినుండి వెలుగుతుంది. నల్లజుట్టు అట్లా వెలగదు. దాని అందమంతా పైపొర మీది తెల్లని మెరుపు చారలో ఉంది. నూనె రాస్తే పొలుసుల మధ్య సందులు నిండి ఆ చార మరింత పదునెక్కుతుంది, వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకొని పాయలుగా చేరుతాయి. మేము చేసిన తప్పు ఇక్కడే ఉన్నది. జుట్టు రంగును నలుపుకు మార్చామే గాని, పైపొర గరుకుతనాన్ని, పాయల కూడికను సాధనం తనంతట ఇచ్చిన కొలతల మీదనే ఉంచాము. ఆ కొలతలు నూనె ఎరుగని జుట్టువి.

మేము దీనికోసం ఎవరినీ నిందించడం లేదు. ఎవరి ఇంటి అద్దంలో ఏ జుట్టు కనిపిస్తే వారు ఆ జుట్టునే మొదట లెక్కకట్టారు. కాని దాని ఫలితం చిన్నది కాదు. ఒకప్పుడు పిక్సార్ సంస్థలో పనిచేసి తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన థియొడోర్ కిమ్ 2020లో ఈ విషయాన్ని బాహాటంగా చర్చించారు. శాస్త్రగ్రంథాలలో మానవ చర్మం, మానవ శిరోజం అని సామాన్య నామంతో చెప్పినవి నిజానికి కొన్ని జాతుల చర్మం, కొన్ని జాతుల శిరోజమేనని ఆయన వాదం. ఆఫ్రికా సంతతివారి బిగుతైన చుట్ల జుట్టు దశాబ్దాలపాటు ఈ శాస్త్రంలో తగిన చోటు పొందలేదు. కళాకారిణి ఏ. ఎం. డార్క్‌తోను, విద్యార్థులతోను కలిసి ఆయన 2024లో ఆ జుట్టు ఆకృతికి, చలనానికి ప్రత్యేకమైన గణిత పద్ధతులను ప్రకటించారు. 1989 నాటి రోమ చిత్రణకు, ఈ పనికి మధ్య 35 సంవత్సరాలు గడిచాయి. జుట్టులో లోపం లేదు, అందులో ఉన్న గణితాన్ని ఎవరైనా శ్రద్ధగా చూడవలసి ఉండెను. చూడవలసినవారు తగిన చోట కూర్చొన్న తరువాతనే ఆ పని జరిగింది.

అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివే మనకు ఈ కథలోని సారాంశం వేరుగా చెప్పనక్కరలేదు. సామాన్యమని పేరు పెట్టిన కొలతలో తాము ఇమడనివారు ఏమి చేయాలి? కొలతను తిట్టుకొంటూ కూర్చోవడం ఒక మార్గం. కొలిచే విద్యను నేర్చి కొత్త కొలత ప్రకటించడం రెండవ మార్గం. మేము రెండవదానినే కోరుతున్నాము.

ఉద్యోగాల మాటకు వద్దాము. ఈ పని మన ప్రాంతానికి దూరమైనదేమీ కాదు. 2012లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై' చిత్రంలోని పులి చాలా దృశ్యాలలో కంప్యూటరు పులి. దాని తడిసిన రోమాలను చూసి నిజమైన పులియని భ్రమపడనివారు అరుదు. దానిని రూపొందించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులో శాఖ ఉండేది, ఇక్కడి కళాకారులు ఆ చిత్రానికి పనిచేశారు. అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉన్నది. ఆ చిత్రానికి 2013 ఫిబ్రవరిలో ఆస్కారు బహుమతి లభించింది, అదే నెలలో ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొన్నది. బహుమతి సభ జరుగుతుండగా బయట ఆ వృత్తికి చెందిన వందలాది మంది నిరసన తెలిపారు. కనుక ఈ విద్య నేర్చినవారికి బంగారు భవిష్యత్తు కాచుకొని ఉన్నదని మేము ఆశ పెట్టదలచలేదు. పని వచ్చేది, పోయేది. ఒక సాధనంలో మీటలు మాత్రమే తెలిసినవాడు పని పోయిన నాడు నిలువునీడ లేక నిలబడతాడు. వక్రరేఖల గణితం, కాంతి సూత్రాలు, స్ప్రింగుల చలన నియమాలు తెలిసినవాడు మరొక తలుపు తట్టగలడు. వైద్య చిత్రాలకు, వస్త్ర రూపకల్పనకు, ఆటల నిర్మాణానికి కావలసిన మూలసూత్రాలు చాలావరకు ఇవే.

ఇక నేడు యంత్రమే బొమ్మలన్నీ వేసిపెడుతుంటే ఈ శ్రమంతా ఎందుకని కొందరు అడుగుతున్నారు. కృత్రిమ మేధ వేసే బొమ్మలు అది అంతకుముందు చూసిన బొమ్మల నుండి నేర్చినవే. దానికి చూపిన బొమ్మలలో మన నాయనమ్మ వేసిన జడ తక్కువైతే, అది వేసే జడ కూడా కొబ్బరి తాడే అవుతుంది. ఆ తప్పును గుర్తించడానికైనా జడ తెలిసిన కన్ను కావాలి. కాబట్టి పాత ప్రశ్నే కొత్త వేషంలో వచ్చిందని మేము భావిస్తున్నాము.

మాతృభాషను గురించి ఒక్క మాట. కురులు, ముంగురులు, కొప్పు, సిగ, పిలక, జడ, వేణి, జూలు, నూగు అని తెలుగులో జుట్టుకు ఎన్ని పేర్లు! కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ జడకే ఒక గౌరవస్థానమున్నది. ఉర్దూ గజలులో జుల్ఫ్, గేసూ, కాకుల్ అన్న మాటలు లేని దివానం అరుదు. తరగతిలో మా పక్క బెంచీ మిత్రులు గేసూకు, కాకుల్‌కు భేదం చెప్పినప్పుడు, మేము కురులకు, ముంగురులకు భేదం చెప్పాము. ఒకటి మొత్తం జుట్టు, రెండవది నుదుటి మీదికో చెంపల మీదికో జారే పాయ. రెండు భాషలవారూ వేర్వేరుగా ఒకే సంగతిని గమనించి పేర్లు పెట్టుకొన్నారు. ఇంత నిశితంగా జుట్టును చూసిన రెండు భాషల వారసులము, కంప్యూటరు ముందు కూర్చొనేసరికి ఒక్క మాట కూడా సొంతంగా పలకలేకపోతున్నాము. ఈ మాటలు కవిత్వానికే గాని శాస్త్రానికి పనికిరావన్న అపోహ తొలగాలి. సాంకేతిక పదం పుట్టేది వస్తువును చూసిన కంటి నుండే.

ఈ దృష్టితో కళాశాల పాలకవర్గం వారికి మేము కొన్ని సూచనలు సమర్పించుకొంటున్నాము. ఖరీదైన సాధనాలు కొనవలసిన అవసరం లేదు. బ్లెండర్ 2002 నుండి అందరికీ ఉచితంగా లభిస్తున్నది, దాని లోపలి రాతను కూడా ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. 2008లో దానితో తీసిన 'బిగ్ బక్ బన్నీ' అనే కుందేలు చిత్రపు మూలపత్రాలన్నీ ఉచితంగా ఇచ్చారు. ఆ కుందేలు రోమాలను ఎట్లా మొలిపించారో విద్యార్థి విప్పి చూసుకోవచ్చు. కాబట్టి ఇప్పుడున్న కంప్యూటరు గదినే వారానికి రెండు సాయంత్రాలు ఇందుకు కేటాయిస్తే చాలు. గణిత, భౌతికశాస్త్ర ఆచార్యులు నెలకొకసారి ఆ గదికి వచ్చి, తాము నల్లబల్లమీద చెప్పిన సూత్రం తెరమీద ఎట్లా కదులుతుందో చూపాలి. ఉర్దూ, తెలుగు శాఖలవారు కలిసి ఈ విద్యకు కావలసిన చిన్న పదకోశం సిద్ధం చేయాలి. వచ్చే ఏటి సంచికలో దానిని ప్రచురించవచ్చు.

విద్యార్థి మిత్రులకు మా మనవి మరొకటి. తెర ముందు కూర్చొనే ముందు ఒక గంట నిజమైన జుట్టును చూడండి. ఇంట్లో చెల్లెలికి జడ వేస్తున్నప్పుడు పాయలు ఎక్కడ సన్నబడుతున్నవో చూడండి. తాతగారి గడ్డంలో నెరిసిన వెంట్రుక నల్ల వెంట్రుక కంటే ఎట్లా గరుకుగా నిలబడుతున్నదో చూడండి. వానలో తడిసిన మేక ఒంటిమీద రోమాలు ఎట్లా కుచ్చులు కడుతున్నవో చూడండి. పెన్సిలు తీసుకొని గీయండి. బాగా రాకపోయినా ఫరవాలేదు. గీసినవాడు చూస్తాడు, చూసినవాడు కొలత తెలుసుకొంటాడు. మేము ఆ పని చేసిన తరువాతనే మా బొమ్మ జడను మళ్ళీ మొదటినుండి అల్లాము. ఈసారి నాయనమ్మ చాలాసేపు చూసి, "చెవి పక్కన వెంట్రుకలు వచ్చాయి. నూనె మాత్రం ఇంకా కొంచెం ఎక్కువైంది" అన్నది. అంతకు మించిన పట్టా మాకు ఇప్పట్లో అక్కరలేదు.

వెంట్రుక కట్టి కొండను లాగమని పెద్దలు చెబుతారు. వస్తే కొండ వస్తుంది, పోతే వెంట్రుక పోతుంది. మేము పాలకవర్గాన్ని కోరుతున్నది వారానికి రెండు సాయంత్రాలు, ఉన్న గది, ఉన్న యంత్రాలు. పోయేది అంతే. వచ్చేదానిని మన విద్యార్థుల శక్తిసామర్థ్యాలకు వదిలిపెడదాము.